వదిన అడిగిన కుక్క

మా ఆయనకు కిడ్నీ ఇచ్చింది మా వదిన. ఆయనకు తోడబుట్టిన అక్క. సిటీ బస్సు నడుపుతుంది. ఆవిడ గొంతు పెంచిందంటే ఆఖరి సీట్లో కునుకు తీస్తున్నవాడు కూడా ఉలిక్కిపడి లేచి, తనది కాని స్టాపులో దిగిపోవాల్సిందే. ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు ఆవిడను కూర్చోబెట్టి, మీరిచ్చినదాన్ని మీ తమ్ముడి ఒళ్ళు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, ముందుగా ఏ మాటా ఇవ్వలేమని వివరంగా చెప్పారు. అంతా విని, "ఎప్పుడు రమ్మంటారు?" అని మాత్రం అడిగింది.

ఒళ్ళు ఒప్పుకుంది. ఇద్దరూ ఆస్పత్రి నుంచి బయటపడ్డారు. వదిన భర్త పోయి చాలా ఏళ్ళయింది. బస్ డిపో దగ్గర ఒక గది తీసుకుని ఒంటరిగా ఉండేది. కోలుకునేదాకా అని బతిమాలి మా ఇంటికి తెచ్చుకున్నాం. ఆ తర్వాత ఇక పంపదలుచుకోలేదు.

మాది రెండో అంతస్తు. రెండు గదులు, ఒక వంటగది. ముందుగదిలో సగం నా కుట్టుమిషను, బట్టలు కత్తిరించే బల్ల. మా ఆయన దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరు. జబ్బు పడ్డాక నిచ్చెన ఎక్కడం మానేసి, ఇంట్లో కూర్చుని కాగితాల మీద పెన్సిలుతో అక్షరాలు గీసుకుంటూ ఉండేవారు. పన్నెండేళ్ళ మా అమ్మాయిని అందరూ పిచుక అంటారు. సన్నగా ఉంటుంది, నోరు మూయదు.

ఇంటికి వచ్చిన రోజు నుంచీ మా ఆయన వదినకు ఎలా కృతజ్ఞతలు చెప్పాలా అని కిందామీదా పడుతూనే ఉన్నారు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని గొంతు సవరించుకునేవారు.

"అక్కా, నువ్వు నాకు..."

"ఆ ఫ్యాను కాస్త పెంచరా."

ఆయన లేచి ఫ్యాను పెంచి వచ్చేసరికి వదిన కళ్ళు మూసుకుని ఉండేది. నిద్రో, నటనో దేవుడికే తెలియాలి. నేనూ ఒకసారి ప్రయత్నించాను. మాటకంటే ముందే ఏడుపు వచ్చింది. ఆవిడ నా ఒళ్ళో ఉన్న జాకెట్టు లాగి పక్కన పెట్టి, "ఏడిస్తే ఏడువుగానీ అమ్మాయ్, ఎవరి బట్టో ఏమో, మరకలు పడతాయి" అంది.

చివరికి నేను ఇంకో దారి పట్టాను. "పోనీ, ఏదైనా అడుగు వదినా. మా సంతోషం కోసం."

"ఏముంటుంది నాకు? డ్రైవరు యూనిఫాం వేసుకునేదానికి నువ్వు కుట్టే పట్టుబట్టలు దేనికి?"

ఇలా అడగడం, ఆవిడ కొట్టిపారేయడం మామూలైపోయింది. ఒక మధ్యాహ్నం మాత్రం, నేను అడగకుండానే, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ అంది.

"కుక్కను పెంచుకుందామా?"

మిషను ఆపేశాను.

"చిన్నప్పుడు అడిగితే అమ్మ వద్దంది. ఉద్యోగం వచ్చాక నాకు నేనే వద్దనుకున్నా. చీకటితో డ్యూటీకి పోతే మళ్ళీ చీకటి పడ్డాకే రావడం. దాన్ని ఆ గదిలో పెట్టి తాళం వేసుకుని పోవడం పాపం కదా. ఇక్కడైతే ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు." రెండు చేతులతో కొలత చూపించి, "చిన్నదే. చంకలో పెట్టుకునేంత," అంది. అడగరానిదేదో అడిగినట్టు ఆవిడ మొహం ఎర్రబడింది. ఆ మొహం చూశాక, కుక్క కాదు, ఏనుగును అడిగినా తెచ్చి మెట్లెక్కించేదాన్నే.

అయితే ముందు మా ఆయన్ని చూసే డాక్టరమ్మను అడగాలి. కొత్త కిడ్నీ ఉన్నవాళ్ళు జీవితాంతం మందులు వేసుకోవాలి. ఆ మందులు రోగాలతో పోరాడే శక్తిని అణిచి ఉంచుతాయి. మనకు రెండు తుమ్ములతో పోయే జబ్బు ఆయన్ని మంచాన పడేస్తుంది. అందుకే పరీక్షల రోజున భయపడుతూనే అడిగాను. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి మా ముగ్గురినీ చూసింది.

"ఇప్పుడే వద్దు. మందుల మోతాదు ఇంకాస్త తగ్గనివ్వండి. అప్పుడు కూడా కుక్కపిల్ల మాత్రం వద్దు. పిల్లలైతే గీరుతాయి, కొరుకుతాయి, ఎక్కడపడితే అక్కడ పాడుచేస్తాయి. ఎదిగిన కుక్క, టీకాలన్నీ పడినది, నెమ్మదైనది దొరికితే చూడండి. ముట్టుకున్న ప్రతిసారీ ఈయన చేతులు కడుక్కోవాలి. ఇంకో సంగతి, అది దొడ్డికి పోతే ఈయన ఎత్తకూడదు."

"చాలా కఠినమైన షరతండీ," అన్నారు మా ఆయన, పండగ సెలవు ప్రకటించినప్పుడు బడిపిల్లాడి మొహంలా మొహం వెలిగిపోతుండగా.

ఆగమన్న ఆ కొన్ని నెలలూ మా ఇంట్లో కుక్కల మాట తప్ప వేరే మాట లేదు. పిచుక లైబ్రరీ నుంచి కుక్కల బొమ్మల పుస్తకం తెచ్చింది. మా ఆయన మనసు పెద్ద కుక్క మీద ఉంది.

"కుక్కంటే కుక్కలా ఉండాలి. దొంగ చూస్తే పారిపోవాలి."

"ఈ ఇంట్లో దొంగకేం దొరుకుతుందిరా, బొత్తాలా?" అంది వదిన. "అంత కుక్క సంతోషం వచ్చి తోక ఊపిందంటే నీ పెళ్ళాం మిషనుతో సహా వంటింట్లో పడుతుంది."

కింద అంతస్తులో ఉండే ఇంటి ఓనరమ్మ కూడా పెద్ద కుక్క కుదరదని తేల్చేసింది. చిన్నది, మొరగనిది అయితేనే అంది. అలా పొమరేనియన్ పోయింది. పక్కవీధిలో ఒకటుంది, ఆకు రాలినా ఊరంతటికీ చాటింపు వేస్తుంది. పొడుగు నడుము, పొట్టి కాళ్ళ డాక్స్‌హుండ్ మీద మా అమ్మాయి మనసు పడింది. ఆ జాతికి నడుము సున్నితం, రోజూ మెట్లెక్కి దిగితే మంచిది కాదని పుస్తకంలోనే రాసి ఉంది. చువావా అయితే నా కత్తిరింపు ముక్కల కుప్పలో పడి కనిపించకుండా పోతుందని నాకు భయం. పగ్ బొమ్మ దగ్గర అందరం ఆగాం. ముడతల మొహం ముద్దుగానే ఉంది. పగ్‌లు గురక పెడతాయని పిచుక చదివి వినిపించింది.

"గురక మనకు ఆల్రెడీ ఉంది," అన్నాను. మా ఆయన వినపడనట్టు పేజీ తిప్పారు.

తిప్పిన పేజీలో షిట్జూ ఉంది. కళ్ళ మీద పడే జుట్టు, చదును ముక్కు, తలదువ్వుకోవడం మరిచిపోయి పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా.

"ఏం పేరే ఇది, తుమ్మినట్టుంది," అంది వదిన. కానీ ఆ పేజీ మీద నుంచి చెయ్యి తీయలేదు.

డాక్టరమ్మ ఇక ఫర్వాలేదన్నాక, పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళి మా సంగతంతా చెప్పాం. షిట్జూ మాకు సరిపోతుందన్నాడాయన. చిన్న ఇంట్లో సర్దుకుంటుంది, ఎక్కువ మొరగదు, మనుషుల మధ్య పడి ఉండటమే దాని పని. ఎండలో తిప్పకూడదు, కళ్ళు రోజూ తుడవాలి, జుట్టు దువ్వి పెట్టాలి. "అయితే ఎదిగిన కుక్కను ఎవరూ అంత తేలిగ్గా ఇవ్వరు. తెలిస్తే కబురు చేస్తాను," అన్నాడు.

కబురు రాలేదు. వారాలు గడిచాయి. పిచుక ఒత్తిడి తట్టుకోలేక ఒక ఆదివారం కుక్కపిల్లలు అమ్మే దుకాణానికి వెళ్ళాం, ఊరికే చూసి వద్దామని. అక్కడ గాజు పెట్టెలో అరచేతిలో పట్టేంత షిట్జూ పిల్ల నిద్రపోతోంది. దుకాణం అతను దాన్ని తీసి వదిన చేతుల్లో పెట్టాడు. అది ఆవిడ చొక్కా బొత్తాన్ని నోట్లో పెట్టుకుని మళ్ళీ నిద్రపోయింది. వదిన ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటోంది.

"తీసేసుకుందాం అక్కా. డాక్టర్లు అలాగే అంటారు. నేను దూరంగా ఉంటాలే," అన్నారు మా ఆయన.

వద్దని చెప్పాల్సింది నేనే. ఆవిడకు ఇంతవరకూ మేమిచ్చింది ఏమీ లేదు, దొరికిన ఈ ఒక్కటీ నేనే లాక్కోవాలా?

నన్ను చెప్పనివ్వలేదు వదిన. బొత్తాన్ని మెల్లగా దాని నోట్లోంచి తప్పించి, పిల్లను తిరిగి ఇచ్చేసింది. "నిన్ను దూరంగా కూర్చోబెట్టి నేను కుక్కను ఆడించుకోనా? నిన్ను దగ్గర కూర్చోబెట్టుకుందామనే కదరా నేను కోయించుకుంది," అంది. బయటికి వచ్చాక పిచుక ఏడ్చింది. దాన్ని ఓదార్చే పని పెట్టుకుని మేమెవరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకు పశువుల డాక్టరు ఫోను చేశాడు. బజారులో సెలూన్ నడిపే ఒకాయన దగ్గర ఆరేళ్ళ షిట్జూ ఉందట. ఆయన భార్యకు ఉబ్బసం ముదిరింది. ఈ జాతికి జుట్టు రాలేది తక్కువే, కానీ ఆ తక్కువ కూడా ఆవిడకు పడటం లేదు. రెండుసార్లు ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇక కుక్కను ఇంట్లో ఉంచవద్దని గట్టిగా చెప్పారు.

సెలూన్‌కు సెలవు రోజున వెళ్ళాం. షట్టరు సగం దించి ఉంది. లోపల, పిల్లలకు జుట్టు కత్తిరించేటప్పుడు కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసే చెక్క మీద ఒక తెల్లటి, గోధుమరంగు మచ్చల జీవి కూర్చుని, అద్దంలో తనను తాను చూసుకుంటోంది. ఒళ్ళంతా పొట్టిగా కత్తిరించి ఉంది.

"పేరు గుండు," అన్నాడు సెలూనాయన. "మొదటి ఎండాకాలం ఉక్కపోతకు తట్టుకోలేకపోతున్నాడని ఒళ్ళంతా గొరిగేశా. అప్పట్నుంచి అదే పేరు. కత్తెర తీస్తే నా కస్టమర్లైనా కదులుతారుగానీ వీడు కదలడు."

కుక్కను ఎంచుకుందామని వెళ్ళినవాళ్ళం, ఆయన మమ్మల్ని ఎంచడం మొదలుపెట్టాడు. పగలు ఇంట్లో ఎవరుంటారు? నేనుంటాను, కుట్టుకుంటూ. నేల మీద సూదులు పడవా? అయస్కాంతంతో ఏరతాను, ఇకపై పూటపూటా ఏరతాను. మెట్ల సంగతి? ఎత్తుకుంటాం. పాప చదువుకునే పిల్లేనా, తోక పట్టి లాగే రకమా? పిచుక నొచ్చుకుని మొదటిసారి మాట్లాడకుండా నిలబడింది. అన్నిటికీ ఆయన తల ఊపాడు. మా ఆయన ఆపరేషన్ సంగతి చెప్పగానే ఆ ఊపడం ఆగిపోయింది.

"ఏమనుకోకండి," అన్నాడు, కుర్చీ వెనక నిలబడి గుండు వీపు నిమురుతూ. "మీరు మంచివాళ్ళే. రేపు ఆస్పత్రివాళ్ళు ఇంట్లో కుక్క ఉండకూడదన్నారనుకోండి, వీడు మళ్ళీ ఎక్కడికి పోతాడు? ఒక ఇల్లు పోవడమే వీడికి ఎక్కువ. రెండోది కూడా పోతే తట్టుకోడు. నేను ఇవ్వలేను."

మా ఆయన మొహం వాడిపోయింది. తన ఒంట్లోని జబ్బు ఇంకోసారి అడ్డొచ్చింది. "పదండి," అని లేచారు.

వదిన లేవలేదు. వరసలో కూర్చునే బెంచీ మీదే ఉండి మాట్లాడింది. బస్సు గొంతుతో కాదు, నేనెప్పుడూ వినని గొంతుతో.

"మీరన్నది నిజమే. రేపేమవుతుందో నాకు తెలీదు. మా తమ్ముడికి నా కిడ్నీ తీసి పెట్టేటప్పుడు కూడా ఇదే విన్నాను. నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు. తెలీదని నేను ఆగిపోయి ఉంటే వీడు ఈపాటికి ఇలా నిలబడి ఉండేవాడు కాదు. ఇచ్చాక బెంగ తీరిపోతుందనుకోకండి. తీరదు. నేను ఇప్పటికీ రోజూ పొద్దున లేవగానే వీడి మొహం చూస్తా. కళ్ళ కింద వాపు లేదని చూసుకున్నాకే కాఫీ తాగుతా. మీరు కూడా చూసుకుందురు. ఎప్పుడు తలుపు తట్టినా తీస్తాం. ఒకవేళ డాక్టర్లు కాదంటే గుండును తీసుకుని నేను వేరే గదికి పోతాను. వీడిది నా పూచీ."

మా ఆయన నిలబడ్డచోటే నిలబడిపోయారు. పొద్దున్నే ఆవిడ తన వంక అలా ఎందుకు చూస్తుందో ఆయనకు అప్పటిదాకా తెలియదు. నాకూ తెలియదు. గ్లాసు చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర ఆగితే, చక్కెర సరిపోలేదేమోనని అడిగేదాన్ని.

సెలూనాయన చాలాసేపు దువ్వెన తుడిచాడు. తుడిచిన దువ్వెననే మళ్ళీ తుడిచాడు. తర్వాత గుండును చెక్క మీద నుంచి ఎత్తి, వదిన ఒళ్ళో పెట్టాడు.

"జుట్టు మాత్రం ఇంకెవరి చేతా కత్తిరించకండి," అన్నాడు. "నా దగ్గరికే తీసుకురండి."

ఇంటికి వచ్చిన గుండు తిండి ముట్టలేదు. తలుపుకు ఎదురుగా కూర్చున్నాడు. మెట్ల మీద చప్పుడైతే లేచి నిలబడేవాడు, అది దాటిపోతే మళ్ళీ కూర్చునేవాడు. పిచుక పిలిచింది, పాడింది, బొమ్మలు చూపించింది. వదిన మాత్రం ఏమీ చేయలేదు. వాడి పక్కన నేల మీద చాప వేసుకుని, తనూ తలుపు వంకే చూస్తూ కూర్చుంది.

"వాడికి తోడు కావాలి, ఆటలు కాదు," అంది.

మర్నాడు సాయంత్రం వాడు లేచి, ఒళ్ళు విరుచుకుని, ఇల్లంతా వాసన చూసి, ఉడికించి పెట్టిన కోడిమాంసం తిన్నాడు. తిని వచ్చి వదిన మోకాలి మీద గడ్డం ఆనించాడు. ఆవిడ కాలు తిమ్మిరెక్కినా కదపలేదు. వంట దింపి వచ్చి నేను లేపేదాకా అలాగే ఉంది.

అక్కణ్ణుంచి మా ఇంటికి వాడు అలవాటయ్యాడో, వాడికి మేం అలవాటయ్యామో చెప్పలేను. పగలు నా మిషను కింద, కాలు తగలని మూల చూసుకుని పడుకునేవాడు. పొద్దున ఎండ రాకముందు వాడిని తిప్పే పని మా ఆయన తీసుకున్నారు. వెనక సంచీ పట్టుకుని పిచుక వెళ్ళేది, ఎత్తాల్సింది ఎత్తడానికి. తన నాన్న యజమాని అట, తను మునిసిపాలిటీ అట. రోజూ గొణిగేది, రోజూ వెళ్ళేది. నడవమని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి, గుండు వచ్చి చెప్పు కొరికితే లేచేవారు. ఆ నడకల్లోనే ఒక దుకాణం అతను కొత్త బోర్డు అడిగాడు. నిచ్చెన ఎక్కక్కర్లేని చిన్న బోర్డు. చాలా కాలానికి మా ఆయన చేతికి రంగు అంటింది. చేతులు కడుక్కునే పని ఎలాగూ ఉందిగా అని నవ్వుకున్నారు.

కూడబెట్టుకున్న సెలవులన్నీ అయిపోయి వదిన మళ్ళీ డ్యూటీకి వెళ్ళడానికి కొన్ని రోజుల ముందు, గుండుకు జుట్టు కత్తిరించే వేళయింది. నలుగురం వాడితో సెలూన్‌కు వెళ్ళాం. ఆయన కత్తిరిస్తున్నంతసేపూ వాడి చెవిలో ఏవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. పని అయ్యాక, "వీడి అమ్మ, అదే మా ఆవిడ, వస్తానంది. బయటే, గాలిలో, కాస్త దూరంగా నిలబడి చూసి పోతుంది. మీకు అభ్యంతరం లేకపోతేనే," అన్నాడు.

వీధికి ఆవలి పక్క, మాస్కు పెట్టుకుని ఒక సన్నటి ఆవిడ నిలబడి ఉంది. గుండు ఆవిడను చూసి వదిన చేతుల్లో గింజుకున్నాడు. వదిన వాడిని గట్టిగా పట్టుకుని, ఆవిడకు ఎదురుగా ఈ పక్క అంచున నిలబడింది. మధ్యలో సైకిలు పోయేంత సన్నటి వీధి.

"లావయ్యాడు," అంది ఆవిడ ముందుగా. తర్వాత గొంతు మారింది. "నా ఊపిరి కోసం వాడికి ఇల్లు లేకుండా చేశానని కుమిలిపోయేదాన్నండీ. ఎవరి పాలయ్యాడో, కట్టేసి ఉంచుతారేమో, కొడతారేమో అని..."

"అయ్యో, దాందేముందండీ, వాడు..." అని వదిన తన మామూలు ధోరణిలో మొదలుపెట్టింది.

"ఆగండి. నన్ను చెప్పనివ్వండి," అంది ఆవిడ.

బస్సు మొత్తాన్ని ఒక్క కేకతో నోరు మూయించే మా వదిన నోరు మూసుకుంది. ఆవిడ ఆయాసపడుతూ, మధ్యమధ్య ఆగుతూ, చెప్పాల్సిందంతా చెప్పింది. ఇంట్లో వాడి గిన్నె తీసేసిన రోజు సంగతి చెప్పింది. మేము పంపే ఫోటోలు భర్త రోజుకెన్నిసార్లు చూస్తాడో చెప్పింది. ఇప్పుడు రాత్రిళ్ళు నిద్ర పడుతోందని చెప్పింది. చివర రెండు చేతులూ జోడించి, "మీ మేలు మర్చిపోను," అంది. వదిన కళ్ళు దించుకుని, గుండును గుండెకు ఆనించుకుని, అంతా విని, "మంచిదండీ," అంది. అవతల ఆవిడ మాస్కు పైన కళ్ళు తేలికపడటం ఇటు నిలబడ్డ నాకు కూడా కనిపించింది.

బస్టాపుకు నడుస్తుంటే వదిన గుండును ఇంకో భుజం మీదికి మార్చుకుంటూ, "అమ్మో, అలా నిలబడి వినడం ఎంత కష్టమే," అంది నాతో.

మా ఆయన ముందుకు వచ్చి దారికి అడ్డంగా నిలబడ్డారు.

"అక్కా. ఇప్పుడు నేను చెప్తా. ఫ్యాను లేదిక్కడ పెంచడానికి."

వదిన నా వంక చూసింది. నేను సాయం రాలేదు. "సరే, చెప్పు," అంది.

ఇన్ని నెలలుగా ఆయన ఎలాంటి మాటలు కూర్చుకున్నారో నాకు తెలియదు. నోట వచ్చింది మాత్రం ఇది: "నేను నీళ్ళు తాగుతున్నానక్కా. డయాలసిస్ చేయించుకున్నన్నాళ్ళూ గుక్క గుక్కా కొలుచుకుని తాగా. దాహమేస్తే ఐసు ముక్క చప్పరించి పడుకునేవాణ్ణి. ఇప్పుడు గ్లాసు నిండా ముంచుకుని, ఎత్తి గటగటా తాగుతున్నా. ఎన్నిసార్లు తాగితే అన్నిసార్లు నువ్వే గుర్తొస్తావు. అంతే. చెప్పాలనిపించింది."

వదిన చేతిలో కుక్క ఉండటం వల్ల కళ్ళు తుడుచుకోవడం కుదర్లేదు. నేనే నా కొంగుతో ఆవిడ మొహం తుడిచాను.

"బాగా తాగు," అంది. "ఇంకా తాగు."

అంతలో బస్సు వచ్చింది. డ్రైవరు సీట్లో ఉన్నది వదిన డిపో మనిషే. కుక్కను చూసి కనుబొమలు ఎగరేశాడు.

"ఒళ్ళో పట్టేదే అన్నా. సీటు అడగదు," అంది వదిన.

ఎక్కండి ఎక్కండి అని ఆయన నవ్వాడు. ఇన్నేళ్ళలో ఆవిడ బస్సులో ముందు సీట్లో తప్ప కూర్చోగా నేను చూడలేదు. ఆ రోజు వెనక్కి వెళ్ళి, తమ్ముడి పక్కన కూర్చుంది. గుండు ఆమె ఒళ్ళోంచి మెడ చాచి, కిటికీ అంచు మీద ముందుకాళ్ళు పెట్టుకుని వీధి చూశాడు. ఎదురు సీటు మీదికి వాలి పిచుక వాడికి దాటిపోతున్న ప్రతి దుకాణం బోర్డూ చదివి వినిపించింది. మా స్టాపు వచ్చేదాకా చదువుతూనే ఉంది.